నిమ్మళం

ఆ ఏడాది వార్షిక నివేదికలో మొదటి అధ్యాయం రాసే పని ఇందుమతికి అప్పగించారు. మామూలుగా అది గవర్నరు గారి సలహాదారులు రాసేది. కానీ తూర్పు తీర ప్రాంతీయ కేంద్ర బ్యాంకు ఆ ఏడాది చెప్పుకోదగ్గది ఏం సాధించినా అదంతా ఒక్క ప్రయోగశాల నుంచే వచ్చింది. ఆ ప్రయోగశాలకు పెద్ద ఇందుమతే.

సాధించింది చిన్నదేమీ కాదు. తీరం పొడవునా ఏ బ్యాంకు ముందూ జనం గుమిగూడలేదు. తుపానుకు ఉల్లి పంట మొత్తం దెబ్బతిన్నప్పుడు కూడా ఎవరూ బస్తాలకు బస్తాలు కొని ఇంట్లో దాచుకోలేదు. ధర కాస్త పెరిగి, నాలుగు వారాలు అక్కడే ఉండి, దిగివచ్చింది. మిగతా ప్రాంతాల కేంద్ర బ్యాంకుల వాళ్ళు విశాఖపట్నం వచ్చి, ఇదెలా చేశారో చెప్పమని అడిగి, రాసుకుని వెళ్ళారు.

ఎలా చేశారంటే, ప్రతి కొట్లోనూ గల్లాపెట్టె పక్కన ఒక చిన్న పెట్టె ఉంటుంది. ఫోనుతో డబ్బు కట్టగానే "ఇరవై రూపాయలు అందాయి" అని చెబుతుంది. ఆ మాట వెనకాల, చెవికి అందీ అందనంత సన్నగా, ఇందుమతి కనిపెట్టిన స్వరం ఒకటి నడుస్తుంది. దానికి ప్రయోగశాలలో పెట్టుకున్న పేరు నిమ్మళం.

కొన్నేళ్ళ కిందట నగరంలో ఒక బ్యాంకు మునిగిపోతోందని ఎవరో పుకారు పుట్టించారు. పచ్చి అబద్ధం. అయినా మధ్యాహ్నానికల్లా వీధి నిండిపోయింది. గాజు తలుపు పగిలింది. తొక్కిసలాటలో మనుషులు చచ్చిపోయారు. ఇందుమతి అప్పట్లో విశ్వవిద్యాలయంలో వినికిడి మీద పరిశోధన చేస్తుండేది. ఆ వీధిలోంచే ఇంటికి వెళ్తూ, చెప్పులు కుప్పలుగా పడి ఉండటం చూసింది. ఆ తర్వాత కేంద్ర బ్యాంకు వాళ్ళు పిలిచి, ఇలాంటిది మళ్ళీ జరగకుండా చెయ్యగలరా అని అడిగితే, ఆమె ఒక్కటే అంది: "భయం ఆవులింతలా అంటుకుంటుందండీ. దాన్ని అంటుకోకుండా ఆపితే చాలు."

ముందు వాళ్ళ మీద వాళ్ళే పరీక్ష చేసుకున్నారు. ప్రయోగశాలలో ఇంజనీరు ఫరీదాకు బల్లి అంటే ప్రాణభయం. గోడ మీద బల్లి కనబడితే కుర్చీ ఎక్కి నిలబడేది. రెండు నెలలు ఆ స్వరం విన్నాక ఒకరోజు పైనుంచి బల్లి సరాసరి ఆమె భుజం మీద పడింది. ఫరీదా దాన్ని వేలితో తోసేసి, టైపు చేసుకుంటూ ఉండిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత అనకాపల్లిలో పరీక్ష. ఊళ్ళో పెట్టెలన్నిటికీ స్వరం పంపించి, కొన్ని వారాలు ఆగి, ఫలానా బ్యాంకు డబ్బివ్వడం ఆపేస్తోందని వాళ్ళే ఒక అబద్ధపు కబురు ఫోన్లలోకి వదిలారు. ఇందుమతి, ఫరీదా బ్యాంకు ఎదురుగా కారులో కూర్చుని చూశారు. ఒకాయన నడుస్తూ నడుస్తూ ఫోను తీసి ఆ కబురు చదివాడు. బ్యాంకు వంక ఒకసారి చూశాడు. ఫోను జేబులో పెట్టుకుని పక్క కొట్లో బెల్లం బేరమాడాడు. సాయంత్రం దాకా అంతే. గవర్నరు రంగనాయకులు గారు అందరికీ మిఠాయి తెప్పించారు. ఇందుమతికి సంతోషంగా ఉండవలసిన రోజు అది. అలా ఏమీ అనిపించలేదు. అలసట కాబోలు అనుకుంది.

ఆ పైన మూడు నెలలకు తీరం జిల్లాల్లో పెట్టెలన్నిటికీ స్వరం వెళ్ళింది. అంతా స్థిరపడ్డాక బ్యాంకు పత్రికల్లో ప్రకటన కూడా ఇచ్చింది, ఇలా ఒక స్వరం ఉందని, దానివల్ల చెవికి ఏ హానీ లేదని. ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు.

*

ఇందుమతి చెల్లెలు నీలవేణిది భీమిలి. మొగుడు సన్యాసిరావు పచారీ కొట్టు నడుపుతాడు. కొట్టు వెనకే ఇల్లు. కొట్లో పెట్టె మోగితే ఇంట్లో అన్ని గదుల్లోనూ వినిపిస్తుంది. వాళ్ళకు ఒక్కతే కూతురు, హిమజ. రెండో తరగతి. సన్యాసిరావు తల్లి అచ్చియ్యమ్మ కూడా వాళ్ళతోనే ఉంటుంది. ఆవిడకు చిన్నప్పుడు ఏదో జబ్బు చేసి రెండు చెవులూ పూర్తిగా పోయాయి. చేతులతో సైగ చేస్తే గ్రహిస్తుంది, తను మాత్రం ఊరంతా వినబడేలా మాట్లాడుతుంది.

ఆ ఆదివారం ఇందుమతి వెళ్ళేసరికి పాప మంచం మీద పడుకుని ఉంది.

"నాలుగు రోజుల్నుంచి జొరం అప్పా. పొద్దున్న తగ్గిపోనాది," అంది నీలవేణి. అక్కను అప్ప అని పిలవడం వాళ్ళింటి అలవాటు. "కానీ లేవట్లేదు. కడుపులో నొప్పంటంది."

మంచం కాళ్ళ దగ్గర కూర్చున్న అచ్చియ్యమ్మ ఇందుమతిని చూడగానే గొంతెత్తింది. "నువ్వైనా సెప్పమ్మా ఈళ్ళకి. గుంట కాళ్ళు సూడు, మంచుగడ్డల్లాగున్నాయి. నిన్నటేల నుంచి మొత్తుకుంటన్నాను, ఆస్పత్రికి ఎత్తుకెళ్ళండ్రా అని. ఒక్కలూ ఇనరు."

"అమ్మకి అన్నిటికీ కంగారే వదినా," అన్నాడు సన్యాసిరావు కొట్లోంచి తొంగిచూసి. "ఆదివారం డాక్టరుండడు గదా. రేపు పొద్దున్నే తీసుకెళ్తాం."

ఇందుమతి పాప పాదం పట్టుకుని చూసింది. చల్లగా ఉంది. జ్వరం తగ్గాక ఇలా చల్లబడటం మంచిది కాదని ఆమె ఎక్కడో చదివింది. ఆ సంగతి గుర్తొచ్చింది. గుర్తొచ్చి అలాగే ఉండిపోయింది, పక్కింటివాళ్ళ సంగతేదో గుర్తొచ్చినట్టు.

"ఇవాళే పెద్దాసుపత్రికి తీసుకెళ్తే మంచిదేమో," అంది.

"రేపు ఎల్తాం అప్పా."

"సరే."

పాప మంచినీళ్ళు అడిగింది. తాగిన నీళ్ళు వెంటనే కక్కుకుంది. నీలవేణి గుడ్డ తెచ్చి తుడిచి, చెయ్యి కడుక్కుని, టీ పెట్టింది. ఇందుమతి టీ తాగింది. రెండు జంతికలు తింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర అచ్చియ్యమ్మ ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"సదువుకున్నదానివి. నీకూ తెలీదా?"

ఇందుమతి ఆ చేతిని తట్టి, మెల్లగా విడిపించుకుని, బస్సెక్కింది.

ఆమె వెళ్ళాక అచ్చియ్యమ్మ పాపను తనే ఎత్తుకుని వీధిలోకి వెళ్ళిందట. నాలుగడుగులు వేసేసరికి మొయ్యలేక కూలబడిందట. ఒక ఆటో ఆపితే అతను, "పొద్దున్నే వస్తాను మామ్మా, గాభరా పడకు," అన్నాడట. ఇరుగుపొరుగు వచ్చి ఇద్దర్నీ ఇంట్లో దిగబెట్టారట. ఈ సంగతులు ఇందుమతికి తర్వాత తెలిశాయి.

సోమవారం ఉదయం ఆమె నివేదిక రాస్తుండగా ఫోను వచ్చింది.

"అప్పా, పాప పోయింది," అంది నీలవేణి. కరెంటు పోయిందని చెప్పినట్టే చెప్పింది.

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఆస్పత్రికెళ్తంటే ఆటోలోనే."

"వస్తున్నాను," అంది ఇందుమతి. సగంలో ఉన్న వాక్యం పూర్తి చేసింది. ఒకసారి చదువుకుని, ఒక మాట మార్చింది. అప్పుడు లేచింది.

*

పిల్లను సముద్రం వైపున్న శ్మశానంలో పూడ్చారు. సన్యాసిరావు కొన్నాళ్ళు కొట్టు మూసి, మళ్ళీ తెరిచాడు. వీధిలోని ఆడవాళ్ళు వచ్చి గోడ వెంబడి కూర్చున్నారు. ఏడవడానికే వచ్చారు. కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకుని, కాసేపటికి నీళ్ళ టాంకరు గురించి మాట్లాడుకున్నారు. ఇంటి మొత్తానికి అచ్చియ్యమ్మ ఒక్కతే గుండెలు బాదుకుంటోంది. "నా తల్లో, నా బంగారుకొండో, నీ కాళ్ళు సల్లగున్నాయని సెప్పాను గదమ్మా," అని రాగం తీసి ఏడుస్తోంది. ఆ ఇంట్లో ఆవిడ గొంతు అంత పెద్దగా వినిపించడం అందరికీ కాస్త ఇబ్బందిగా ఉంది.

నీలవేణి అక్కను వంటింట్లోకి తీసుకెళ్ళింది.

"అప్పా, నాకు ఏడుపు రావట్లేదేటి?"

ఇందుమతి పీట లాక్కుని కూర్చుంది.

"పన్ను పీకేముందు సూది ఏస్తారు సూడు, బుగ్గ మనది కానట్టుంటాది. అలాగుంది. దాని గౌను మడత పెట్టాను. దాని పుస్తకాలు సర్దాను. ఏదో ఉందని తెలస్తంది. నాకు అందట్లేదు." బయటి ఏడుపు వైపు తల తిప్పి అంది, "ఆ మామ్మకి మాత్రం ఎలా వస్తంది?"

కొట్లో ఎవరో సరుకు కొన్నారు. "యాభై రూపాయలు అందాయి," అంది పెట్టె. ఇందుమతి ఆ వైపు చూసింది. వంటింటి కిటికీలోంచి ముసలమ్మ వీపు కనిపిస్తోంది, ఏడుపుకు కదిలిపోతూ. ఆ ఇంట్లో తన స్వరం చేరని చెవులు ఆ రెండే.

ఆ క్షణాన ఆమెకు మొత్తం అర్థమైంది. ప్రయోగంలో ఒక ఫలితం అర్థమైనట్టే అర్థమైంది. కడుపులో ఏమీ కదల్లేదు. ఆ కదలకపోవడాన్ని కూడా ఆమె గమనించింది.

తిరిగి వెళ్ళాక ఫరీదాను పిలిచి, పెట్టెల్లో స్వరం ఉన్న జిల్లాల్లో, లేని జిల్లాల్లో జనం జబ్బు చేశాక ఎంత ఆలస్యంగా ఆసుపత్రికి వస్తున్నారో తెలుసుకోమంది. ఫరీదా వారం పాటు ఆసుపత్రుల చుట్టూ తిరిగి వచ్చింది.

"గుండెనొప్పి, పాము కాటు, జ్వరం, ఏదైనా అంతే మేడమ్," అంది. "మనవైపు అందరూ రేపు వెళ్దామనుకుంటున్నారు. బ్యాంకుకు పరిగెత్తడం మానేశారు కదా. ఆసుపత్రికీ మానేశారు."

"చాలామందా?"

"చాలామంది."

భోజనాల వేళైందని ఫరీదా లేచింది. ఇందుమతి కూడా లేచింది.

*

నివేదికను ఆమోదించే రోజు బోర్డు సభ్యులందరూ వచ్చారు. మొదటి అధ్యాయం చివర ఇందుమతి ఒక పేజీ చేర్చింది. అందులో ఆసుపత్రుల సంగతి ఉంది. పేరు రాయకుండా హిమజ సంగతీ ఉంది. ఆ పేజీ తనే పైకి చదివి వినిపించింది.

రంగనాయకులు గారు మంచి మనిషి. కింది ఉద్యోగులను కూడా గారూ అని పిలుస్తారు. ఆయన చివరిదాకా శ్రద్ధగా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది విచారించవలసిన విషయమే ఇందుమతి గారూ. ఒక సంఘం వేద్దాం. వచ్చే ఏడాది నివేదికలోగా వాళ్ళు పరిశీలించి చెబుతారు."

"ఈలోగా స్వరం ఆపమని నా మనవి సర్."

"ఆపితే పాత పరిస్థితి వస్తుంది. ఆ తొక్కిసలాట మీరే చూశారు."

"చూశాను. ఇదీ చూశాను." ఆమె సభ్యుల వైపు తిరిగింది. "ఒక్క మాట అడుగుతాను. ఇప్పుడు నేను చదివింది విన్నాక ఇక్కడ ఎవరికైనా బాధ కలిగిందా?"

అలా అడిగినందుకు ఎవరూ నొచ్చుకోలేదు. గుంటూరు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు కాసేపు ఆలోచించి, నిజమే చెప్పారు. "లేదమ్మా. కలగాలని తెలుస్తోంది."

సంఘం వేశారు. నివేదిక అచ్చుకు పంపారు. అందరూ భోజనానికి లేచారు. ఆ రోజు గోంగూర చాలా బాగుందని ఇద్దరు ముగ్గురు అన్నారు.

స్వరం ఆపడం ఇందుమతికి కష్టమేమీ కాదు. పెట్టెలకు వారానికోసారి ప్రయోగశాల నుంచే కొత్త స్వరం వెళ్తుంది. అందులో ఏముండాలో నిర్ణయించేది తనే. కానీ ఆపితే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. ప్రయోగశాలలో మొదట్లో ఒక కుర్రవాడు ఉద్యోగం మానేసి స్వరం లేని ఊరికి వెళ్ళిపోయాడు. అతను తర్వాత ఫోను చేసి చెప్పాడు: ముందు భయం తిరిగొచ్చిందట. దాని వెంటే, ఇంతకాలం రాకుండా ఆగినవన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయట. అంటే తను ఒక్క మీట నొక్కితే, ఇన్ని లక్షల ఇళ్ళలో రాకుండా ఆగిన ఏడుపంతా వస్తుంది. అది ఎవరినీ అడక్కుండా చెయ్యడం తప్పనిపించింది. తప్పనిపించడం అంటే ఒకప్పటిలా కాదు. లెక్క తేలలేదన్నట్టు.

అందుకని భీమిలి వెళ్ళింది.

నీలవేణి కొట్లో కందిపప్పు తూస్తోంది. ఇందుమతి గల్లాపెట్టె పక్కనున్న పెట్టెను చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అది తను చేసిందేనని నీలవేణికి ముందే తెలుసు. పాపకూ దానికీ సంబంధం ఉందని తెలియదు. అంతా విని, పొట్లం కట్టి, కొన్నామెకు ఇచ్చి పంపించింది.

"ఆపితే నాకు ఏడుపొస్తాదా?"

"వస్తుంది."

"బాగా వస్తాదా?"

"బాగా. ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను. ఎప్పటికీ ఉండొచ్చు."

"ఆరోజు నువ్వొచ్చి, సూసి, టీ తాగి ఎల్లిపోనావు," అంది నీలవేణి. నిష్ఠూరంగా అనలేదు, జరిగింది చెప్పింది. "నేనూ అంతే. ఏడిస్తే, నీ మీద కోపం కూడా వస్తాది గదా అప్పా."

"రావాలి."

నీలవేణి తక్కెడలో మిగిలిన గింజలు డబ్బాలోకి దులిపింది. "ఆపీ. అది నా పిల్ల. నేను ఏడవాలి గదా."

ఇందుమతి తలూపింది.

"పక్కింటి పార్వతి గుంటకి మూడ్రోజుల్నుంచి జొరం," అంది నీలవేణి మళ్ళీ. "రేపు ఎల్తామంటన్నారు."

అక్కచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరిలో ఎవరికీ గుండె వేగంగా కొట్టుకోలేదు. నీలవేణి కొట్టు తలుపు దగ్గరికి వేసింది. పక్కింటికి వెళ్ళి, పార్వతి అడ్డు చెప్పేలోగా పిల్లను భుజాన వేసుకుంది. ఇందుమతి ఆటో పిలిచింది. అతను సరుకు దింపి వస్తానంటే, దారికి అడ్డంగా నిలబడి, ఇప్పుడే అంది. అచ్చియ్యమ్మ ఎక్కడినుంచి చూసిందో, చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చి ఆటోలో ఎక్కి కూర్చుంది. ఆసుపత్రి దాకా పిల్ల పాదాలు రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూనే ఉంది.

ఆ పిల్ల బతికింది. డాక్టరు ఆ మాట చెప్పినప్పుడు పార్వతి "అలాగా అండీ," అంది. ముసలమ్మ మాత్రం డాక్టరు మొహం చూసి, గ్రహించి, నేల మీద చతికిలబడి ఏడ్చింది.

*

మర్నాడు మధ్యాహ్నం ఇందుమతి, ఫరీదా పక్కపక్కన కూర్చుని ఆ వారం పంపాల్సిన స్వరం సిద్ధం చేశారు. మాటలు అలాగే ఉంచారు. మాటల వెనక ఏమీ లేకుండా చేశారు.

"దీనికి అనుమతి లేదు కదా మేడమ్," అంది ఫరీదా.

"లేదు."

"ఉద్యోగాలు పోతాయేమో."

"పోవచ్చు. నువ్వు లేచి వెళ్ళు, నేనే పంపిస్తాను."

ఫరీదా లేవలేదు. "మామూలు మనిషినైతే వెళ్ళిపోయేదాన్నేమో మేడమ్. ఇప్పుడు భయం వెయ్యట్లేదు. ఈ నిమ్మళం ఉండగానే ఈ పని చేసేద్దాం."

పంపించారు.

గవర్నరు గారికి రెండు రోజుల్లో తెలిసింది. పిలిపించి, కూర్చోమని, ఎందుకు చేశారని అడిగారు. ఇందుమతి దాచకుండా చెప్పింది.

"మళ్ళీ పెట్టాలంటే ఎంత పని?"

"గంట పని సర్."

ఆయన క్యాలెండరు చూసుకున్నారు. "ఈ వారం ఢిల్లీ వాళ్ళు వస్తున్నారు. వచ్చే వారం కూర్చుని మాట్లాడదాం. క్రమశిక్షణ చర్య కూడా ఉంటుంది, మీకు తెలుసుగా."

"తెలుసు సర్."

వచ్చే వారం ఆయనకు వేరే పని పడింది. ఆ పై వారం అన్నారు. కొంప మునిగినట్టు లేచి వచ్చి, ఇప్పుడే పెట్టమని గద్దించేంత కంగారు ఆ భవనంలో ఎవరికీ మిగల్లేదు. హిమజను చంపిన ఆ నిమ్మళమే ఇప్పుడు ఇందుమతిని ఎవరూ ఆపకుండా కాపాడింది. ఆ సంగతి ఆమె గ్రహించింది. అందులో ఆనందించడానికి ఏమీ కనబడలేదు.

నెల తిరిగేసరికి మార్పు మొదలైంది. ముందు వీధుల్లో హారన్లు పెరిగాయి. చీకటి పడితే పిల్లలు ఒంటరిగా దొడ్లోకి వెళ్ళనన్నారు. తర్వాత, నెలల కిందట చావు జరిగిన ఇళ్ళలోంచి కొత్తగా ఏడుపులు వినిపించాయి. మార్చిలో పోయిన తండ్రి కోసం ఆగస్టులో బజారు మధ్య కూలబడి ఏడ్చినవాళ్ళు ఉన్నారు. ఆసుపత్రులు కిటకిటలాడాయి. వంటనూనె దొరకదని పుకారు పుడితే ఒక్కరోజులో కొట్లు ఖాళీ అయ్యాయి. ఒక చిన్న బ్యాంకు ముందు వరస పెరిగి, పెరిగి, చివరికి ఆ బ్యాంకు నిజంగానే మూతపడింది. అందులో దాచుకున్నవాళ్ళు రోడ్డున పడ్డారు. ఇందుమతి అవన్నీ పత్రికల్లో చదివింది. ఇవీ తన చేతి మీదుగా జరిగినవేనని అనుకుంది.

ఒకరోజు రంగనాయకులు గారు ఆమెను పిలిపించుకోకుండా తనే ప్రయోగశాలకు వచ్చారు. గడ్డం మాసి ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డారు.

"మా ఆవిడ ఆర్నెల్లుగా దగ్గుతోంది," అన్నారు. "రక్తం పడుతోందని కూడా ఒకసారి చెప్పింది. సరే చూపిద్దామన్నాను. పక్కగదిలోంచి రోజూ వింటూనే ఉన్నానండీ. నిన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాను. జబ్బు చాలా ముదిరిపోయిందన్నారు."

ఫరీదా లేచి కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

"ఆ స్వరం ఇంకా మీ దగ్గర ఉందా?"

"ఉంది సర్."

"తీసెయ్యండి. ఇక ఎవరు అడిగినా పెట్టడానికి వీల్లేకుండా తుడిచెయ్యండి. ఇప్పుడే, నేనుండగానే." ఆయన కిటికీ వైపు చూపించారు. "బయట బ్యాంకుల ముందు మళ్ళీ జనం చేరుతున్నారు. నాకు భయంగా ఉంది. ఇంట్లో ఆవిడ మొహం చూడాలంటే అంతకంటే భయంగా ఉంది. రేపు నేనే వచ్చి, మళ్ళీ పెట్టమని మిమ్మల్ని బతిమాలుతాను. అందుకని ఇప్పుడే."

ఇందుమతి తుడిచేసింది. అన్నేళ్ళ పని. ఫరీదా గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఇందుమతి ఆమె వైపు చూసి, తనకేమైనా అవుతోందేమోనని లోపల వెతుక్కుంది. ఏమీ లేదు. అందరికంటే ముందు మొదలుపెట్టి, అందరికంటే ఎక్కువ విన్నది తనే. తనకు అందరికంటే ఆలస్యమవుతుంది.

*

సన్యాసిరావు ఫోను చేశాడు. అతని గొంతు గుర్తుపట్టడానికి ఆమెకు కొంతసేపు పట్టింది.

"వదినా, మీరు కొన్నాళ్ళు ఇటు రాకండి. నీలకి నిద్దర్లేదు, తిండి లేదు. గోడకి తల కొట్టుకుంటంది. మా అమ్మ పక్కనే పట్టుక్కూకుంటంది. మీ పేరెత్తితే..." అతను ఏడ్చేశాడు. "ఆటో ఆదివారం కూడా దొరికేది గదా వదినా. నా గుమ్మం ముందునుంచే ఎల్తాయి గదా."

"రాను," అంది ఇందుమతి. "నువ్వు తిన్నావా?"

అతను ఫోను పెట్టేశాడు.

విచారణ జరిగింది. ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. ఇంట్లో ఉండి వండుకుని తినేది. పొద్దున లేవగానే హిమజ అని పైకి అని చూసేది. ఆ పేరు గదిలో వినిపించి ఆగిపోయేది. ఏమీ జరిగేది కాదు. పాప ఫోటో చూసేది. చల్లటి పాదం ఎలా ఉండిందో చేతికి గుర్తు తెచ్చుకునేది. చేతికి గుర్తుంది. అక్కడితో సరి. ఇది ఎప్పటికీ ఇంతేనేమో అనుకుంది. కొందరికి తిరిగి రాకపోవచ్చు. దాని గురించి కూడా ఆమెకు దిగులు కలగలేదు.

వానలు వెనకబట్టాక ఒక ఉదయం కూరగాయలకు బయల్దేరి మద్దిలపాలెం దగ్గర రోడ్డు దాటుతోంది. మలుపులోంచి లారీ ఒకటి వచ్చి, బ్రేకు వేసి, ఆమెకు జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి తిట్టాడు. ఇందుమతి పక్కకు తప్పుకుంది. నాలుగడుగులు నడిచింది. బస్టాపు స్తంభం పట్టుకుని నిలబడింది. అరచేతులు చెమటతో తడిసిపోయాయి. చెవుల్లో ఏదో దబదబా కొడుతుంటే ఏమిటో అని విన్నది. తన గుండే.

"ఏటమ్మా, దెబ్బ తగిలిందా?" అని అక్కడ నిలబడ్డ ఒకామె అడిగింది.

"లేదు. భయం వేసింది," అంది ఇందుమతి.

ముందు భయం వస్తుంది. దాని వెంటే మిగతావి. ఎంతసేపు పడుతుందో తెలియదు. సాయంత్రమో, రేపో. భీమిలి బస్సు వచ్చి ఆగింది. రావద్దన్నారని ఆమెకు గుర్తుంది. ఖాళీ సంచీ అలాగే చేత్తో పట్టుకుని ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో బిగించి పెట్టుకుంది. సముద్రం కనబడటం మొదలయ్యేసరికి ఊపిరి పూర్తిగా లోపలికి పోవడం లేదు.

కొట్టు మూసి ఉంది. ఇంటి తలుపు నీలవేణే తీసింది. మనిషి సగమైంది. కళ్ళు లోపలికి పోయాయి. అక్కను చూడగానే ఆమె మొహం బిగుసుకుంది, చెయ్యి తలుపు మీదికి వెళ్ళింది. వెయ్యబోయి ఆగింది. ఇందుమతి పెదవులు, చేతుల్లో వణుకుతున్న సంచీ, అన్నీ చూసింది.

"వచ్చిందా?" అని అడిగింది.

"వస్తోంది," అంది ఇందుమతి.

నీలవేణి చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత తలుపు వదిలి, పక్కకు జరిగి, దారి ఇచ్చింది.